పాలమూరు బండలో రేర్ ఎర్త్స్ ఉన్నాయి, మరి గని ఎందుకు లేదు?

నల్లగొండ జిల్లాలో ఏ క్రషర్ దగ్గరైనా 20 టన్నుల టిప్పర్‌లో గ్రానైట్ కంకర నింపితే, ఆ లోడులో సగటున మూడు కిలోలకు పైగా రేర్ ఎర్త్ మూలకాలు (సీరియం, నియోడిమియం లాంటి 17 లోహాలు) ఉంటాయి. భూమి పైపొర సగటే, యిట్రియంతో కలుపుకుని, టన్నుకు సుమారు 170 గ్రాములు. అంటే 170 పీపీఎం. అందులో సీరియం ఒక్కటే 63 పీపీఎం. రాగి సగటు 28 మాత్రమే. వీటిలో అన్నిటికన్నా తక్కువగా ఉండే థూలియం, లుటీషియం కూడా వెండికంటే ఐదారు రెట్లు ఎక్కువ.

అయినా ఆ కంకర రోడ్డు కిందికే పోతుంది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గనిలో టన్ను ముడి ఖనిజానికి 70–80 కిలోల రేర్ ఎర్త్ ఆక్సైడ్లు ఉంటాయి. మన బండకూ దానికీ మూడు నాలుగు వందల రెట్ల తేడా. ఈ తేడాను ప్రకృతి ఏయే దారుల్లో పూడుస్తుంది, ఆ దారుల్లో దక్షిణ తెలంగాణలో ఏది ఎంతవరకు సాగి ఆగిపోయింది అన్నది తెలిస్తేనే, "ఫలానా మండలంలో అరుదైన ఖనిజాలు" అన్న వార్తకు ఎంత విలువ ఇవ్వాలో తేలుతుంది. అలాంటి వార్త రాగానే ఆ చుట్టుపక్కల ఎకరం ధర గురించి మాటలు మొదలవుతాయి. అందుకే ఈ సంగతి భూగర్భ శాస్త్రవేత్తలకు తెలిస్తే చాలదు, ఊళ్లోవాళ్లకూ తెలియాలి.

అయాన్ సైజే అసలు సంగతి

లాంథనం నుంచి లుటీషియం వరకు 15 లాంథనైడ్లు, వాటికి తోడు యిట్రియం, స్కాండియం. మొత్తం 17. ప్రొమీథియం రేడియోధార్మికత వల్ల ప్రకృతిలో మిగిలిందే లేదన్నంత తక్కువ. ఇవన్నీ మామూలుగా మూడు ఎలక్ట్రాన్లు వదులుకుని 3+ అయాన్లుగా ఉంటాయి. రసాయన స్వభావం ఇంచుమించు ఒకటే, తేడా అంతా సైజులోనే. లాంథనం అయాన్ వ్యాసార్ధం 1.03 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). వరుసలో ముందుకు పోయేకొద్దీ కుంచించుకుపోయి లుటీషియం దగ్గర 0.86 అవుతుంది. యిట్రియం 0.90 కాబట్టి, పరమాణు భారం తక్కువైనా అది డిస్ప్రోసియం, హోల్మియం లాంటి బరువైన రేర్ ఎర్త్‌లతోనే తిరుగుతుంది. స్కాండియం 0.745. అది ఈ గుంపులోంచే బయట పడిపోయింది.

మాగ్మా చల్లారేటప్పుడు ముందుగా కట్టే ఆలివిన్, పైరాక్సీన్ స్ఫటికాల్లో మెగ్నీషియం (0.72), ఇనుము (0.78) కూర్చునే చోట్లు ఉంటాయి. లాంథనం, నియోడిమియం వాటిలో పట్టవు. అందుకే అవి మిగిలిన ద్రవంలోనే ఉండిపోతాయి. స్ఫటికాలు కడుతున్నకొద్దీ ఆ ద్రవం తగ్గుతుంది, అందులో వీటి పాలు పెరుగుతుంది. స్కాండియానికి మాత్రం ఆ ఇనుము, మెగ్నీషియం చోట్లు సరిగ్గా సరిపోతాయి. కాబట్టి అది మొదట్లోనే నల్లని ఖనిజాల్లో చేరి చెల్లాచెదురైపోతుంది. రేర్ ఎర్త్‌లు మాగ్మా చివర్లో పోగవుతాయి, స్కాండియం మొదట్లోనే పలచబడిపోతుంది. ఒకే జాబితాలో చేర్చి చెప్పే ఈ రెంటికీ గనులు ఏర్పడే తీరు అందుకే పూర్తిగా వేరు.

రేర్ ఎర్త్‌లు బాగా పోగవ్వాలంటే ద్రవం మొదటి నుంచీ కొంచెంగానే పుట్టాలి. భూమి లోపలి మాంటిల్‌లో నూటికి ఒక వంతుకంటే తక్కువే కరిగితే, స్ఫటికాల్లో పట్టనివన్నీ ఆ కొద్ది ద్రవంలోకి చేరతాయి. కార్బన్ డయాక్సైడ్ తోడైతే అది కార్బొనటైట్ (కార్బొనేట్ ఖనిజాలతో కట్టిన శిల) అవుతుంది, సోడియం, పొటాషియం ఎక్కువైతే సైనైట్ లాంటి క్షార శిల అవుతుంది. గుజరాత్‌లోని అంబాడోంగర్, తమిళనాడులోని సేవత్తూర్ కార్బొనటైట్లు ఇలా వచ్చినవే. తూర్పు కనుమల అంచున ప్రకాశం జిల్లా ఏల్చూరు, ఖమ్మం దాటాక కూనవరం క్షార శిలలు కూడా ఈ కోవలోవే. 2023లో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అనంతపురం జిల్లాలో రేర్ ఎర్త్ ఖనిజాలను గుర్తించింది కూడా సైనైట్లలోనే.

నల్లగొండ, పాలమూరు బండ పుట్టుక అలాంటిది కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట పాత భూపొర పెద్ద ఎత్తున కరిగి మళ్లీ గడ్డకడితే వచ్చిన గ్రానైట్, నీస్ (గ్రానైట్ లాంటి చారల రాయి) ఇవి. కరిగింది ఎక్కువ కాబట్టి రేర్ ఎర్త్‌లు అంతటా పలచగా పరుచుకున్నాయి. కొద్దిగా మాత్రమే కరిగి పుట్టిన శిలలు ఇక్కడా లేకపోలేదు. నారాయణపేట, మద్దూరు, కోటకొండ దగ్గరి కింబర్లైట్లు, నల్లగొండ జిల్లా రామడుగు, వట్టికోడు దగ్గరి లాంప్రొయిట్లు అవే. వజ్రాల వేటలో బయటపడ్డ ఈ శిలల్లో లాంథనం, సీరియం గ్రానైట్‌లోకంటే ఎక్కువే. కానీ అవి సన్నని డైకులు (బండ పగుళ్లలో గోడల్లా గడ్డకట్టిన శిలలు), చిన్న చిన్న పైపులు. గనికి కావలసిన టన్నులు వాటిలో దొరకవు.

నల్లగొండ ఫ్లోరైడ్‌తో చుట్టరికం

మర్రిగూడ, నాంపల్లి మండలాల నీళ్లలోకి ఫ్లోరైడ్ వచ్చింది బండలోంచే. బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ అనే మూడు ఖనిజాలే దానికి ప్రధాన మూలం. వీటిలో అపటైట్, ఫ్లోరైట్ రెండూ కాల్షియం ఖనిజాలు. కాల్షియం అయాన్ వ్యాసార్ధం 1.00 ఆంగ్‌స్ట్రామ్, అంటే లాంథనం, సీరియంలకు దాదాపు సమానం. అందుకే తేలిక రేర్ ఎర్త్‌లు కాల్షియం చోటుల్లో దూరతాయి. నీళ్లను పాడు చేసిన ఫ్లోరిన్, మాగ్నెట్లకు కావలసిన నియోడిమియం ఆ బండలో ఒకే గింజలో పక్కపక్కనే ఉంటాయంటే అతిశయోక్తి కాదు.

అయితే "ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే రేర్ ఎర్త్‌లూ పోగై ఉంటాయి" అన్న ఊహ నిలవదు. వేడి ద్రవాల్లో ఫ్లోరైడ్ రేర్ ఎర్త్‌లను మోసుకుపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఎక్కువ ఉష్ణోగ్రతల్లో చేసిన ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. మోసేది ముఖ్యంగా క్లోరైడ్, సల్ఫేట్. ఫ్లోరైడ్ తగిలితే రేర్ ఎర్త్‌లు కరగని లవణాలుగా అక్కడికక్కడే దిగిపోతాయి. అంటే ఫ్లోరిన్ ఆనకట్ట పని చేస్తుందే గాని కాలువ పని చెయ్యదు. గని కావాలంటే ముందు వాటిని మోసుకొచ్చే ఉప్పటి వేడి ద్రవం ఉండాలి, ఆ ద్రవం ఫ్లోరిన్ ఉన్నచోటికి చేరి ఆగాలి. మన గ్రానైట్‌లో ఫ్లోరిన్ మొదట్నుంచీ అంతటా పరుచుకుని ఉంది. ద్రవం వచ్చి చేరే ఒక చోటంటూ లేదు.

ఈ బండలో రేర్ ఎర్త్‌లను మోస్తున్న ముఖ్యమైన ఖనిజాల్లో అలనైట్ ఒకటి. గులాబీ రంగు గ్రానైట్ పలకను పాలిష్ చేసినప్పుడు దగ్గరగా చూడండి. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న, తారులా మెరిసే నల్లటి గింజ ఒకటి కనిపించవచ్చు. దాని చుట్టూ ఫెల్స్‌పార్ ఎర్రబారి ఉంటుంది. గింజ నుంచి వెంట్రుకల్లాంటి పగుళ్లు నలుదిక్కులకూ పోతాయి. అలనైట్‌లోని థోరియం కోట్ల ఏళ్లుగా వెలువరించిన రేడియేషన్‌కు దాని స్ఫటిక నిర్మాణం చెదిరి, గింజ ఉబ్బి, చుట్టూ ఉన్న ఖనిజాన్ని పగలగొట్టిన గుర్తు అది. నిర్మాణం చెదిరిన గింజ వాననీటికి తొందరగా లొంగుతుంది. ఆ లొంగుబాటు వల్లే రెండో దారి తెరుచుకుంటుంది.

మట్టి గనులు: సగం దాకా వచ్చి ఆగిన దారి

దక్షిణ చైనాలోని గన్‌జౌ ప్రాంతంలో మామూలు గ్రానైటే కుళ్లి మట్టయి రేర్ ఎర్త్ గని అయింది. గ్రేడు, అంటే మట్టిలో రేర్ ఎర్త్‌ల పాలు, 0.05 నుంచి 0.2 శాతం మాత్రమే, మౌంటెన్ పాస్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. అయినా అది లాభమెందుకంటే, అక్కడ రేర్ ఎర్త్ అయాన్లు కయొలినైట్, హాలోసైట్ మట్టి రేణువుల అంచుకు అతుక్కుని మాత్రమే ఉంటాయి. రైతులు చల్లే అమోనియం సల్ఫేట్ ద్రావణం పోస్తే అమోనియం ఆ చోటు తీసుకుంటుంది, రేర్ ఎర్త్ నీళ్లలోకి దిగుతుంది. రాయి పగలగొట్టనక్కర్లేదు, గాఢ ఆమ్లంలో ఉడికించనక్కర్లేదు. పైగా ఖరీదైన డిస్ప్రోసియం, టెర్బియం ప్రపంచానికి ప్రధానంగా వచ్చేది ఈ మట్టి నుంచే, చైనాను ఆనుకుని ఉన్న మయన్మార్ కొండల నుంచే. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి నియంత్రణ పెట్టిన ఏడింటిలో, సమేరియం, గడోలినియం, లుటీషియం, యిట్రియం, స్కాండియంతో పాటు, ఈ రెండూ ఉన్నాయి.

ఇది జరగాలంటే నాలుగు షరతులు. గ్రానైట్‌లో రేర్ ఎర్త్‌లు సులువుగా కుళ్లే అలనైట్, స్ఫీన్, అపటైట్‌లలో ఉండాలి. జిర్కాన్, జెనోటైమ్‌లలో బిగుసుకుని ఉంటే లాభం లేదు. ఈ షరతులో మన బండ చాలావరకు పాసవుతుంది. రెండోది వాన. గన్‌జౌలో ఏడాదికి 1,500 మి.మీ. పైన, పాలమూరు, నల్లగొండల్లో 600–750 మి.మీ. ఎక్కువ వానకు పైమట్టి ఆమ్లమవుతుంది, అయాన్లు కిందికి దిగుతాయి. లోతుకు పోతే ఆమ్లత తగ్గి, అక్కడ మట్టి వాటిని పట్టుకుంటుంది. మన దగ్గర వాన కొరత, ఎండ ఎక్కువ. నీరు పైకి ఎగబాకి, చెల్క కింద సున్నపు గడ్డలు కడతాయి, చాలాచోట్ల చౌడు తేలుతుంది. అలాంటి క్షార వాతావరణంలో రేర్ ఎర్త్‌లు కార్బొనేట్లు, ఇనుప ఆక్సైడ్లతో గట్టిగా బిగుసుకుంటాయి. అమోనియం సల్ఫేట్‌కు ఊడిరావు.

మూడోది మందం. ఎన్‌జీఆర్‌ఐ వారు దీర్ఘకాలం అధ్యయనం చేసిన మహేశ్వరం పరీవాహకంలో మెత్తని కుళ్లిన పొర 10–20 మీటర్లు, దాని కింద పగుళ్ల బండ. బోరు వేసేవాళ్లు మొరం అనేది ఈ పైపొరనే. మందం చాలకపోలేదు, కానీ అన్నిచోట్లా ఒకేలా లేదు. నాలుగోది, మనకు అసలు దెబ్బ పడింది ఇక్కడే. కుళ్లిన మట్టి కదలకుండా లక్షల ఏళ్లు నిలవాలి. దేవరకొండ, భువనగిరి, పాలమూరు పొడవునా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్ల గుట్టలు కనిపిస్తాయి కదా, అవి ఒకప్పుడు మట్టి లోపల ఉన్న కుళ్లని గడ్డలు. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే బయటపడ్డాయి. గుండు కనిపించిన చోటల్లా, రేర్ ఎర్త్‌లు దాచుకోవాల్సిన మట్టి కృష్ణలోకి వెళ్లిపోయిందని అర్థం.

ఎవరైనా ఇక్కడి మట్టిని పరీక్షించదలిస్తే పని కష్టమేం కాదు. లీటరు నీటికి 66 గ్రాముల అమోనియం సల్ఫేట్ కలిపి, పీహెచ్ 4కు తెచ్చి, ఆరబెట్టిన మట్టిని అందులో గంట రెండు గంటలు కలియబెట్టి, వడగట్టిన నీటిలో రేర్ ఎర్త్‌లు కొలవాలి. అదే మట్టిని పూర్తిగా కరిగించి మొత్తం ఎంతో కొలవాలి. అసలైన అయాన్ మట్టిలో మొత్తంలో సగానికి పైగా ఆ అమోనియం సల్ఫేట్ నీటికే దిగుతుంది. ఇంకో గుర్తు సీరియం. వాతావరణంలో అది 4+ అయి పైమట్టిలోనే ఆక్సైడ్‌గా చిక్కుకుంటుంది, మిగిలినవి కిందికి దిగుతాయి. కాబట్టి కింది పొరలో సీరియం లాంథనం, నియోడిమియంలతో పోలిస్తే కొట్టొచ్చినట్టు తక్కువుండాలి. అలా లేకపోతే అయాన్లు కదిలాయనడానికి ఆధారం లేదు.

ఒకవేళ దొరికినా సంబరపడే ముందు ఒకటి ఆలోచించాలి. గన్‌జౌలో కొండకే ద్రావణం ఎక్కించే పద్ధతి వల్ల భూగర్భజలాల్లో అమోనియా చేరింది, కొండచరియలు విరిగిపడ్డాయి. బోరు నీటి మీద సేద్యం చేస్తూ, ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు నలిగిన నేల మీద ఆ పద్ధతిని ఊహించుకోవడం కూడా కష్టం.

యురేనియం ఎందుకు చిక్కింది, ఇవి ఎందుకు చిక్కలేదు

లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్‌లలో యురేనియం ఉంది కదా, అదే బండలో రేర్ ఎర్త్‌లు ఎందుకు పోగుకాలేదన్న ప్రశ్న న్యాయమైనదే. అక్కడ గ్రానైట్ మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ పరుచుకున్న అసమ సంధి (పాత రాయి అరిగాక దాని మీద కొత్త పొర కూర్చున్న హద్దు) ఉంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం 6+ రూపంలో కరిగి ప్రయాణిస్తుంది. ఆక్సిజన్ లేని చోటికి రాగానే 4+ అయి దిగిపోతుంది. కరగడానికీ దిగడానికీ దానికి ఒక మీట ఉంది. సీరియం, యూరోపియం తప్ప మిగతా రేర్ ఎర్త్‌లకు ఆ మీట లేదు, ఎప్పుడూ 3+ మాత్రమే. అందువల్ల యురేనియం ఉచ్చులో రేర్ ఎర్త్‌లు వాటంతట అవి పడవు. అయితే పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రౌన్స్ రేంజ్‌లో ఇలాంటి అసమ సంధి దగ్గరే, ఒక ద్రవం రేర్ ఎర్త్‌లతో, ఇంకోటి ఫాస్ఫేట్‌తో వచ్చి కలిసి, బరువైన రేర్ ఎర్త్‌ల జెనోటైమ్ గని అయింది. దక్షిణ తెలంగాణలో వెతకదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఈ సంధేనని మా అభిప్రాయం. అది నాగార్జునసాగర్ నీటికీ, అమ్రాబాద్ పులుల అడవికీ ఆనుకుని ఉందన్నది కూడా అంతే నిజం.

వాగుల్లో కనిపించే నల్ల ఇసుక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డిండి, హాలియా వాగుల్లో వాన వెలిశాక ఒడ్డున చారలు చారలుగా మిగిలేది చాలావరకు మాగ్నటైట్, ఇల్మనైట్. మామూలు అయస్కాంతం పెడితే మాగ్నటైట్ అంటుకుని వచ్చేస్తుంది. భీమునిపట్నం తీరంలో మోనజైట్ (రేర్ ఎర్త్‌ల ఫాస్ఫేట్ ఖనిజం) ఉండటానికి కారణం తూర్పు కనుమల ఖొండలైట్. కాల్షియం తక్కువగా, అల్యూమినియం ఎక్కువగా ఉన్న శిలలో రేర్ ఎర్త్‌లు మోనజైట్‌గా కడతాయి. కాల్షియం ఉన్న మన గ్రానైట్‌లో అలనైట్‌గా కడతాయి. మోనజైట్ నదిలో, సముద్రంలో వేల ఏళ్లు దొర్లినా చెక్కు చెదరదు. అలనైట్ దారిలోనే కుళ్లిపోతుంది.

స్కాండియం: మొదటి రాయి ముఖ్యం

స్కాండియం పైపొరలో 14 పీపీఎం. సీసం 17. సీసానికి గంధకం తోడై గాలెనా గడ్డలు కడుతుంది. స్కాండియానికి అలాంటి జంట దాదాపు లేదు. నార్వేలో పెగ్మటైట్లు అనే పెద్ద స్ఫటికాల శిలల్లో దొరికే థార్ట్‌విటైట్ ఖనిజం ఒక అపురూపమైన మినహాయింపు. కాబట్టి ఇది గని కావాలంటే నల్లరాయి ఎండకూ వానకూ కుళ్లి, మిగతావన్నీ కొట్టుకుపోయి, ఇది మిగలాలి. కుళ్లేటప్పుడు సిలికా, మెగ్నీషియం, కాల్షియం నీటితో పోతాయి. పైరాక్సీన్‌లోని ఇనుము గోథైట్ అనే ఇనుప ఖనిజంగా మారుతుంది. స్కాండియం ఆ గోథైట్‌కు అతుక్కుని ఉండిపోతుంది.

లెక్క సులువే. 30 పీపీఎం ఉన్న వంద కిలోల బసాల్ట్‌లో 60 కిలోలు కొట్టుకుపోయి స్కాండియం అంతా నిలిస్తే, మిగిలిన 40 కిలోల్లో 75 పీపీఎం. ఎనభై కిలోలు పోతే 150. ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లోని నింగన్‌లో 400 పీపీఎం స్థాయి వచ్చింది. ఎందుకంటే అక్కడి మొదటి రాయి దాదాపు పూర్తిగా క్లైనోపైరాక్సీన్‌తో కట్టింది. అలాంటి రాయిలో స్కాండియం మొదటే 80 పీపీఎం దాకా ఉంటుంది. ఐదు రెట్లు చిక్కబడితే 400.

ఈ లెక్కలో మన నల్లరాళ్లను పెట్టి చూద్దాం. పాలమూరు పొలాల మధ్య గట్లుగా లేచిన డోలరైట్ డైకులు, బ్లాక్ గ్రానైట్ పేరుతో కోసేవి, 30–40 పీపీఎం దగ్గర మొదలవుతాయి. కానీ అవి గుండ్లు గుండ్లుగా తాజాగా నిలబడి ఉన్నాయి, చిక్కబడ్డ మట్టి లేదు. గద్వాల, పెద్దవూర శిస్ట్ వరుసల్లోని పాత బసాల్టులదీ ఇంచుమించు అదే స్థాయి. ఆసక్తి కలిగించేది కొడంగల్ నుంచి వికారాబాద్ అనంతగిరి వైపు దక్కన్ ట్రాప్ లావా రాయి మీద టోపీలా మిగిలిన లాటరైట్ (రాయి కుళ్లి మిగిలిన ఎర్రరాయి). ఇక్కడ పూర్వపు తడి వాతావరణంలో జరిగిన కుళ్లు ఇంకా నిలిచి ఉంది. పై లెక్క ప్రకారం 75–150 పీపీఎం ఆశించడం న్యాయం. అంతకుమించి ఎవరైనా చెబితే మొదటి రాయి ఏదో అడగాలి. అందులోనూ పైన గట్టిపడిన ఎర్రరాయిని వదిలి, కిందున్న పసుపు గోథైట్ పొరను విడిగా మీటరుకొకటి చొప్పున నమూనా తీయాలి. గోథైట్ ఎండకు హెమటైట్‌గా మారేటప్పుడు స్కాండియం కొంత జారిపోయి కిందికి దిగుతుంది.

ల్యాబ్ కాగితం చేతికొస్తే

మొదట నమూనా. బోరు బండి ఆరున్నర అంగుళాల రంధ్రం వేస్తే మీటరుకు 57 కిలోల దాకా పొడి వస్తుంది. కుప్ప పైనుంచి గుప్పెడు తీస్తే అది నమూనా కాదు. గాలికి సన్నని మట్టి ఎగిరిపోయి బరువు గింజలు మిగులుతాయి కాబట్టి అంకె పెరిగి కనిపిస్తుంది. మీటరు పొడినంతా పట్టి, సమానంగా చీలుస్తూ రెండు మూడు కిలోలకు తేవాలి.

తర్వాత రాయిని ఎలా కరిగించారన్నది. ఆక్వా రీజియాలో (రెండు గాఢ ఆమ్లాల మిశ్రమం) జిర్కాన్, జెనోటైమ్ కరగవు, మోనజైట్ అరకొరగా కరుగుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడితే రేర్ ఎర్త్‌లు ఫ్లోరైడ్లుగా గిన్నె అడుగున దిగిపోయి అంకె తగ్గుతుంది. లిథియం మెటాబొరేట్‌తో సుమారు 1,000 డిగ్రీల దగ్గర కరిగించి, ఐసీపీ–ఎంఎస్ (అయాన్లను బరువును బట్టి వేరుచేసి లెక్కించే పరికరం) మీద కొలిచినదే నమ్మదగింది. మన గ్రానైట్‌లో బేరియం ఎక్కువ కాబట్టి బేరియం ఆక్సైడ్ అయాన్లు యూరోపియం బరువునే చూపిస్తాయి. ఆ సవరణ చేశారో లేదో అడగాలి. ఎక్స్‌రేలతో మూలకాలను పట్టే చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీ యిట్రియాన్ని బాగా చూస్తుంది, లాంథనం, సీరియంలను ఉజ్జాయింపుగా చూస్తుంది. డిస్ప్రోసియం అంకె దాని మీద చూపితే నమ్మకూడదు.

అంకె మూలకానిదా, ఆక్సైడ్‌దా? లాంథనాన్ని 1.173తో, సీరియాన్ని 1.228తో, నియోడిమియాన్ని 1.166తో, యిట్రియాన్ని 1.270తో, స్కాండియాన్ని 1.534తో గుణిస్తే ఆక్సైడ్ వస్తుంది. వంద పీపీఎం స్కాండియం వార్తలో 153 అయ్యేది ఇలాగే. మొత్తంలో లాంథనం, సీరియం ఎంత శాతమో కూడా చూడాలి. తేలిక రకం నిక్షేపాల్లో మూడింట రెండు వంతులకు పైగా చవకైన ఈ రెండే ఉంటాయి. ధర పలికేది నియోడిమియం, ప్రేసియోడిమియం, డిస్ప్రోసియం, టెర్బియంలకే. థోరియం ఎంతో రాయని కాగితం అసంపూర్ణం. థోరియం ఉన్న మోనజైట్ అయితే అది అణు ఖనిజాల నిబంధనల కిందికి పోతుంది, మామూలు లీజుతో తవ్వేది కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: అవి ఏ ఖనిజంలో ఉన్నాయి? దానికి పలుచని శిలాఛేదం చేసి మైక్రోస్కోప్ కింద, ఎలక్ట్రాన్ ప్రోబ్ కింద గింజను చూడాలి. ప్రపంచంలో రేర్ ఎర్త్‌లను వ్యాపార స్థాయిలో తీస్తున్నది ప్రధానంగా బాస్ట్‌నసైట్, మోనజైట్, జెనోటైమ్, లోపరైట్, అయాన్ మట్టి నుంచే. మన గ్రానైట్‌లో నల్లగా మెరిసే అలనైట్ ఆ జాబితాలో లేదు.